నాయనమ్మ దగ్గరే ఉంచాలా, ఆశ్రమంలో చేర్చాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. అన్నా వదినా పోయాక వాళ్ల ఇద్దరు పిల్లలూ మా అమ్మ దగ్గరే ఉంటున్నారు. ఒక క్రైస్తవ సేవా సంస్థవాళ్లు పిల్లల్ని ఎక్కడికీ తీసుకెళ్లం, మీ ఊరి చర్చి పెద్దల ద్వారానే బియ్యం, పుస్తకాలు ఇప్పిస్తామంటున్నారు. బంధువులేమో ఆశ్రమంలో వేసెయ్యమంటున్నారు. ఒకటే టెన్షన్.
- ఒక మేనత్త

జవాబు: నాయనమ్మ దగ్గరే ఉంచండమ్మా. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచిన పిల్లకి చెయ్యి చాపితే నాయనమ్మ చీర కొంగు తగలాలి, అది ఎంత మంచి ఆశ్రమంలోనైనా దొరకదు. 2015 నాటి బాల న్యాయ చట్టం కూడా పిల్లల్ని సంస్థల్లో చేర్చడం చిట్టచివరి మార్గమనే అంటోంది. ఆ సంస్థ చెప్పే పద్ధతి నాకు నచ్చింది, ఎందుకంటే పిల్లాడు రెండు రోజులు బడి మానేస్తే ముందు తెలిసేది పక్కింటివాళ్లకీ ఊరి పెద్దలకీ గానీ ఎక్కడో ఉన్న ఆఫీసుకి కాదు. కాకపోతే రెండు విషయాలు మొహమాటపడకుండా అడగండి: ప్రార్థనకి రాకపోయినా సాయం ఆగదు కదా, పిల్లల ఫొటోలు మీ అనుమతి లేకుండా వాడరు కదా అని.

ఇంకోటి, మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలు వస్తాయి. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. మరణ ధ్రువపత్రాలు, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని విజయనగరంలో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లండి, అమ్మకి ఓపిక లేకపోతే మీరే వెళ్లండి. దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.