పులి అసలుదే, మరి పక్కన మనిషి?

ప్రశ్న: 1930ల నాటి హాలీవుడ్ అడవి సినిమాల్లో స్టూడియోలో తీసిన ముక్క ఏదో, నిజంగా అడవిలో తీసింది ఏదో పోల్చుకోవడం ఎలా? (పాఠకుడు, మైలాపూరు, చెన్నై)

జవాబు: జంతువులు చాలావరకు అసలైనవే. నటుడూ జంతువూ ఒకే చోట ఉన్నారా అన్నదే చూడాలి. 'ట్రేడర్ హార్న్' (1931) కోసం ఎం.జి.ఎం. స్టూడియో ఆఫ్రికాలో తీయించిన ఫిల్ములో మిగిలిందాన్ని మరుసటి ఏడాది 'టార్జాన్ ది ఏప్ మ్యాన్'లో వాడుకుంది. నటులు స్టూడియోలో నిలబడితే వెనక తెర మీద ఆఫ్రికా ఆడుతుంది. అలాంటి షాట్‌లో మొహాలు స్పష్టంగా ఉంటాయి, వెనక దృశ్యం వెలిసిపోయి గ్రెయిన్ (ఫిల్ములోని ఇసుకలాంటి చుక్కలు) తేలుతుంది. తెర మీద పడిన బొమ్మను మళ్లీ కెమెరాతో తీశారు మరి! నీడలూ చూడండి. మనిషి నీడ కుడికీ, చెట్ల నీడ ఎడమకీ పడితే అది అతుకే.

వేగం కూడా పట్టిస్తుంది. మూకీ కెమెరాలు సుమారుగా సెకనుకు 16 ఫ్రేములు (విడి బొమ్మలు) తీసేవి, టాకీ ప్రొజెక్టరు 24 నడుపుతుంది. పాత మూకీ ముక్కను టాకీలో ఉన్నదున్నట్టు కలిపితే జీబ్రాల మంద ఒకటిన్నర రెట్లు వేగంగా ఉరుకుతుంది. దాన్ని సరిచేయడానికి ల్యాబులో ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేమును రెండేసిసార్లు ప్రింటు చేసేవారు. ఏనుగు నడిచే షాట్‌ను కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేమే జరపండి: రెండుసార్లు కాలు కదులుతుంది, మూడోసారి కదలదు.

ఇక పులీ కొండచిలువా పోట్లాడే ఘట్టాలంటారా, కంచెలో పెట్టి కల్పించినవే. తప్పించుకునే దారుంటే ఏ జంతువూ అలా కలబడదు. అవి చూడటం నిజంగా బాధే.

ప్రశ్న: టార్జాన్ ఏనుగులు మన ఏనుగుల్లా ఉన్నాయేం? (పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: మనవే. ఆ 1932 సినిమాలో ఆసియా ఏనుగులకు పెద్ద చెవులు తగిలించారు. చెవి అతికించవచ్చు, నడుము మార్చలేరు: మన ఏనుగు వీపు మధ్యలో ఉబ్బి ఉంటుంది, ఆఫ్రికా ఏనుగుది మధ్యలో దిగి ఉంటుంది.

ప్రశ్న: మూర్ మార్కెట్‌లో 16 ఎం.ఎం. రీలు కొన్నాను. డబ్బా తీస్తే ఘాటైన వెనిగర్ వాసన. ప్రొజెక్టరు మీద వేయవచ్చా? (పాఠకుడు, అడయారు)

జవాబు: వద్దు. అది అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము; ఆ ప్లాస్టిక్ రసాయనికంగా విరిగి ఆమ్లం పుడుతోంది, ఆ ఆమ్లమే ఫిల్మును ఇంకా తొందరగా తింటుంది. కుంచించుకుపోయిన ఫిల్ములో రంధ్రాల మధ్య దూరం తగ్గి, ప్రొజెక్టరు పళ్లకు చిక్కి చిరుగుతుంది. మిగతా రీళ్ల దగ్గర పెట్టకండి, ఆ ఆవిరి వాటికీ తగులుతుంది. మూత బిగించవద్దు. మన వేడికీ ఉక్కకీ అటక మీద అస్సలు ఉంచవద్దు, ఇంట్లో అన్నిటికంటే చల్లని, పొడిగా ఉండే చోట పెట్టండి. పాడవడం ఆగదు, నెమ్మదిస్తుందంతే. కాబట్టి ఫిల్ము ఇంకా చదునుగా ఉండగానే, పళ్లచక్రం లేని స్కానరు ఉన్నచోట కాపీ తీయించుకోండి.