రాత్రి జాగారం చేసే పసిపాప

ప్రశ్న: మా పాపకు మూడు వారాలు. పగలంతా పడుకుంటుంది, రాత్రి పదకొండు నుంచి మూడింటిదాకా కళ్లు విప్పార్చుకుని ఉంటుంది. పగటి నిద్ర ఆపితే రాత్రి పడుకుంటుందా?

జవాబు: ఆపకండి. నిద్ర చాలక బిడ్డ పేచీ పెడుతుందే తప్ప రాత్రి ఎక్కువసేపు పడుకోదు. ఈ వయసులో ఒక విడతకు ముప్పావుగంట, మహా అయితే గంట మెలకువే ఎక్కువ. పాలు తాగడం కూడా అందులోనే.

నిజానికి మీ పాపకు రాత్రీ పగలూ తారుమారు కాలేదు, ఆ తేడాయే ఇంకా తెలియదు. కడుపులో ఉన్నన్నాళ్లు తల్లి రక్తంలోని మెలటోనిన్ అనే నిద్ర హార్మోను మాయ (ప్లాసెంటా) గుండా చేరి ‘రాత్రయింది’ అని కబురు చెప్పేది. పుట్టాక అది ఆగిపోయింది. సొంత మెలటోనిన్ రాత్రిపూట పెరగడం రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. అందాకా నిద్ర లేపేది ఆకలే. రోజుకు 8–12 సార్లు పాలు కావాలి కాబట్టి 14–17 గంటల నిద్రా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది.

రాత్రీ పగలూ తేడా తెలిపే ఒంటి లోపలి గడియారాన్ని దిద్దేది వెలుతురు. పొద్దున్నే కర్టెన్లు తీసేయండి. పగటి నిద్రకు గది చీకటి చేయొద్దు, ఇంట్లో మామూలు చప్పుళ్లు ఉండనివ్వండి. రాత్రి పాలకు మసక దీపం చాలు. కబుర్లు, ఆటలు వద్దు. తల్లిపాలు పిండి దాచేవారు సీసా మీద వేళ రాసి, రాత్రి పాలు రాత్రికే పట్టండి. వాటిలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు.

చాలామంది పొరబడేది ఇంకోచోట. పసిబిడ్డ నిద్రలో సగం కదలికల నిద్రే: మూలుగుతుంది, మూతి తిప్పుతుంది, కళ్లు అరమోడ్పుగా తెరుస్తుంది. లేచిందనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేస్తుంది! ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడండి.

ప్రశ్న: మా బాబు ఆరు వారాలు ముందే పుట్టాడు. మూడు నెలలు నిండినా రాత్రి రెండు గంటలకోసారి లేస్తున్నాడు. పోతపాలు చిక్కగా కలిపితే ఎక్కువసేపు పడుకుంటాడంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదు, ప్రమాదం కూడా. పొడి ఎక్కువైతే ఒంట్లో లవణాలు పెరిగి మూత్రపిండాలపై భారం పడుతుంది. డబ్బా మీది కొలత దాటొద్దు. నెలలు నిండకుండా పుట్టినవారికి వయసును కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. ఆ ప్రకారం మీ వాడికి నెలన్నరే, ఇలా లేవడం మామూలే. ఎప్పుడు పడుకోబెట్టినా వెల్లకిలా, దిండు లేకుండా, గట్టి పరుపు మీదే. ఎంత లేపినా లేవకపోయినా, పాలు మానేసినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.