పదిహేను వేలు కట్టకండి, పేపర్ మీ అమ్మాయే పంపగలదు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఎం.ఎస్సీ. జువాలజీ పూర్తిచేసింది. ప్రాజెక్టు కోసం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కనగుర్తలు కొని, వాటి కడుపుల్లో ఉన్న ప్లాస్టిక్ నలుసుల్ని లెక్కపెట్టింది. బాగుంది, పేపర్‌గా రాసి జర్నల్‌కి పంపమని గైడ్ అన్నారు. ఇంతలో వాట్సాప్‌లో ఒకతను పరిచయమయ్యాడు. పీహెచ్‌డీ సీటుకి పేపర్ తప్పనిసరనీ, పదిహేను వేలు కడితే యూజీసీ కేర్ జాబితాలో ఉన్న అంతర్జాతీయ జర్నల్‌లో పది రోజుల్లో వేయిస్తాననీ, రాసే పని కూడా తనదేననీ అంటున్నాడు. కట్టమంటారా? కట్టకపోతే అమ్మాయి తనంతట తాను పంపడం ఎలా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: అయ్యా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. అడ్వాన్సు పేరుతో వెయ్యి రూపాయలు అడిగినా పంపకండి. అంతకంటే ముఖ్యం, మీ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు గానీ ఎక్సెల్ ఫైలు గానీ అతని చేతికి వెళ్ళనివ్వకండి. మీ ఇంట్లో విలువైనది ఆ ఫైలే.

అతను చెప్పిన మాటలు ఒక్కొక్కటిగా చూడండి. పీహెచ్‌డీలో చేరడానికి పేపర్ ఉండితీరాలని యూజీసీ నిబంధన ఏదీ లేదు. చేరాక థీసిస్ సమర్పించే ముందు ఒక పేపరైనా అచ్చయి ఉండాలన్న షరతు ఉండేది, దాన్ని కూడా 2022 నవంబరు నాటి నిబంధనల్లో ఎత్తేశారు. సీటుకి కావలసింది నెట్ స్కోరో, మన రాష్ట్రంలో ఏపీఆర్‌సెట్ లాంటి ప్రవేశ పరీక్షో, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఏ విశ్వవిద్యాలయమైనా సొంతంగా అదనపు షరతు పెట్టుకోవచ్చు కాబట్టి దరఖాస్తు చేసే చోట నోటిఫికేషన్ మాత్రం పూర్తిగా చదవండి. పేపర్ ఉంటే ఇంటర్వ్యూలో బలమే, కాదనను. కానీ అది లేకపోతే దారి మూసుకుపోతుందని భయపెట్టి డబ్బు గుంజడం అన్యాయం.

ఇక యూజీసీ కేర్, అంటే నమ్మదగిన జర్నళ్ళంటూ యూజీసీ ఇచ్చిన జాబితా. దాన్ని యూజీసీ 2025 ఫిబ్రవరిలో నిలిపేసింది. ఏ జర్నల్ మంచిదో ఇప్పుడు విశ్వవిద్యాలయాలూ అధ్యాపకులూ తామే బేరీజు వేసుకోవాలి. కాబట్టి ఈరోజు ఎవరైనా ఆ పేరు చెప్పి అమ్ముతున్నారంటే, మీకు ఈ విషయం తెలియదన్న ధీమాతోనే అమ్ముతున్నారు.

పది రోజుల మాట అన్నిటికంటే ప్రమాదకరం. నిజమైన జర్నల్‌లో ఎడిటర్ పేపర్ చదివి, పనికొస్తుందనుకుంటే ఆ రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపుతారు. వాళ్ళు తమ ఉద్యోగాలు చేసుకుంటూ, జీతం లేకుండా, తీరిక చేసుకుని చదివి లోపాలు రాస్తారు. దానికి నెలలు పడుతుంది. పది రోజుల్లో అచ్చవుతోందంటే ఎవరూ చదవలేదని అర్థం. ఎవరూ చదవని పేపర్ అచ్చయితే మీ అమ్మాయికి ఒరిగేదేమీ లేదు, పోయేది మాత్రం చాలా ఉంది. ఒక పరిశోధన ఫలితాన్ని ఒక్క జర్నల్‌లోనే వేయాలి. దొంగ జర్నల్‌లో ఒకసారి వచ్చేస్తే మంచి జర్నల్ దాన్ని ముట్టుకోదు, ముందే అచ్చయిందంటుంది. వెనక్కి తీసుకుంటామని అడిగితే, దానికి మళ్ళీ రుసుము కట్టమనే జర్నళ్ళు ఉన్నాయి. హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్ళి, చేపలు కోసి, సూక్ష్మదర్శిని కింద కళ్ళు కాయలు కాసేలా చూసిన పని అక్కడితో సమాధి అయిపోతుంది. నాకు బాధ కలిగించేది పదిహేను వేలు కాదు, ఇది.

పైగా అతను రాసిపెడతానన్నాడు. అలా రాసేవాళ్ళు వేరే పేపర్ల నుంచి వాక్యాలు ఎత్తుతారు, అంకెలు కల్పిస్తారు, ముక్కూమొహం తెలియనివాళ్ళ పేర్లు రచయితలుగా చేరుస్తారు. పట్టుబడితే శిక్ష పడేది పేపర్ మీద పేరున్నవాళ్ళకి. 2023లో హిందావీ అనే పెద్ద ప్రచురణ సంస్థ ఒక్కటే ఎనిమిది వేలకు పైగా పేపర్లను రద్దుచేసింది. రద్దయిన పేపర్ మాయం కాదు. రద్దు అన్న ముద్రతో, రచయితల పేర్లతో సహా ఇంటర్నెట్‌లో అలాగే ఉండిపోతుంది. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆ మచ్చ మనం తేకూడదు.

ఇక్కడి నుంచి అమ్మాయితో మాట్లాడతాను. ఈ భాగం తనకి చూపించండి.

అమ్మా, నీ గైడ్ చెప్పింది నిజం, నీ చేతిలో పేపర్‌కి తగిన సరుకుంది. అయితే ప్రాజెక్టు రిపోర్టు వేరు, పేపర్ వేరు. రిపోర్టులో నువ్వు చదివినదంతా రాశావు. పేపర్‌లో నువ్వు కనిపెట్టింది మాత్రమే ఉండాలి, ఇంకొకరు అదే పని మళ్ళీ చేసి సరిచూసుకునేంత వివరంగా ఉండాలి. అందుకే మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టకు. ముందు పట్టికలూ గ్రాఫులూ తయారుచేసుకో. తర్వాత పద్ధతులు, ఫలితాలు, చర్చ. పరిచయం ఆ తర్వాత. సారాంశం, శీర్షిక అన్నిటికంటే చివర.

నీ పేపర్ నిలబడేదీ పడేదీ పద్ధతుల భాగంలోనే. ప్లాస్టిక్ నలుసుల మీద వచ్చే పేపర్లలో రివ్యూయర్లు, అంటే ఎడిటర్ పంపితే పేపర్ చదివి లోపాలు రాసేవాళ్ళు, మొట్టమొదట అడిగేది బ్లాంక్ గురించి. ల్యాబ్ గాలిలో మన బట్టల నుంచి రాలిన పోగులు తేలుతుంటాయి, అవి నమూనాలో పడితే చేప కడుపులోవే అనుకుంటాం. అందుకని చేప లేకుండా, అదే ద్రావణంతో, అదే గిన్నెలతో ఖాళీ ప్రయోగం చేసి అందులో ఎన్ని పోగులు వచ్చాయో చెప్పాలి. చేసి ఉంటే ఆ అంకె రాయి. చేయకపోతే చేయలేదని రాసి, గైడ్‌ని అడిగి ఇప్పుడైనా చేసి చూడు. కణజాలం కరిగించడానికి పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే ఎంత శాతం, ఎంత వేడి, ఎన్ని గంటలు అన్నవి ఉండాలి. చాలామంది పది శాతం ద్రావణం వాడతారు. అయిదు మిల్లీమీటర్లలోపు ముక్కల్నే మైక్రోప్లాస్టిక్ అంటారు కదా, నువ్వు చూడగలిగిన అతి చిన్న సైజు ఎంతో కూడా చెప్పు. కంటికి ప్లాస్టిక్‌లా కనబడినదల్లా ప్లాస్టిక్ కాదు. కొన్ని ముక్కలనైనా, పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే ఎఫ్‌టీఐఆర్ పరికరంలో పెట్టి ఏ పాలిమరో, అంటే ఏ రకం ప్లాస్టికో తేల్చుకోవాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ పరికరం లేకపోతే కెమిస్ట్రీ వాళ్ళ దగ్గరో ఫార్మసీ వాళ్ళ దగ్గరో ఉంటుందేమో గైడ్ ద్వారా కనుక్కో.

ఇంకొకటి, ఊరి పిల్లవి కాబట్టి నువ్వు మాత్రమే రాయగలిగింది. హార్బర్‌లో కొన్న చేప విశాఖ నీళ్ళలోనే తిరిగిందని గ్యారంటీ లేదు, బోట్లు చాలా దూరం వెళ్ళి వేటాడతాయి. ఏ బోటు నుంచి కొన్నావో, ఎక్కడ వల వేశారో సరంగుని అడిగి రాసుకుని ఉంటే అది బంగారం లాంటి సమాచారం. లేకపోతే శీర్షికలో ‘విశాఖ తీర జలాల చేపల్లో’ అనకు, ‘విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వచ్చిన చేపల్లో’ అను. అలాగే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. నీ లెక్కల్లో ఆ నెలలు ఖాళీగా ఉంటే, వేరే దేశంలో కూర్చున్న రివ్యూయర్‌కి కారణం తెలియదు. ఒక్క వాక్యంలో చెప్పు.

ఈ ఊరి చేపల గురించి శ్రద్ధగా రాసిన రాత ఎంత దూరం వెళుతుందో నీకు తెలియాలి. పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలూ బొమ్మలూ 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. నువ్వు కోసిన కనగుర్తకి ఫ్రాన్స్‌లోని జంతు శాస్త్రవేత్త కువియర్ శాస్త్రీయ నామం పెట్టింది ఆ వివరాల ఆధారంగానే. ఏ ఊళ్ళో, ఏ చేప, ఎలా ఉందో కచ్చితంగా రాసిపెట్టబట్టే ఇంకొకరు దాని మీద కట్టుకోగలిగారు.

జర్నల్ ఎంచుకోవడానికి నువ్వు చదివిన పేపర్లే దారి చూపిస్తాయి. నీ రెఫరెన్సుల్లో ఏ జర్నళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో చూడు. మన దేశంలో ఇండియన్ జర్నల్ ఆఫ్ జియో మెరైన్ సైన్సెస్, కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) తెచ్చే ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్ లాంటివి నీ విషయానికి దగ్గరగా ఉంటాయి. సీఎంఎఫ్‌ఆర్‌ఐకి విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రవేత్తల్ని మీ గైడ్ ద్వారా అడిగితే ఏ జర్నల్ సరిపోతుందో చెప్పగలరు. జర్నళ్ళ అంతర్జాతీయ సూచిక అయిన స్కోపస్‌లో ఉందని ఎవరైనా అంటే, స్కోపస్ సొంత పేజీలో ఐఎస్ఎస్ఎన్, అంటే ఆ జర్నల్ గుర్తింపు నంబరు, కొట్టి చూడు, జాబితా నుంచి తీసేసినవైతే అక్కడే తెలుస్తుంది. మంచి జర్నళ్ళ పేరుతో నకిలీ సైట్లు కూడా నడుస్తున్నాయి కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కకు. పేరున్న జర్నళ్ళలోనూ కొన్ని డబ్బు తీసుకుంటాయి, అది తప్పు కాదు. కానీ ఎంతో వాళ్ళ సైట్‌లో ముందే ఉంటుంది, సాధారణంగా పేపర్ అంగీకరించాకే అడుగుతారు. డబ్బు కట్టనక్కరలేని మంచి జర్నళ్ళు చాలా ఉన్నాయి, మొదటి పేపర్‌కి వాటినే చూడమంటాను.

రచయితల పేర్ల సంగతి పంపేముందే గైడ్‌తో కూర్చుని మాట్లాడుకో. మొహమాటపడకు. పని చేసి, రాతలో పాలుపంచుకుని, రాసినదానికి జవాబుదారీగా ఉండేవాళ్ళే రచయితలు. పరికరం వాడుకోనిచ్చినవాళ్ళకి చివర కృతజ్ఞతలు చాలు. ఇంగ్లిష్ సరిచేసుకోవడానికి చాట్‌జీపీటీ లాంటిది వాడితే జర్నల్ నియమం చూసి ఆ మాట చెప్పు, దాన్ని రచయితగా మాత్రం పెట్టకూడదు. వాక్యాలు నీవే అయి ఉండాలి. నీ రాతకి వేరే రాతలతో ఎంత పోలిక ఉందో చూసే సిమిలారిటీ పరీక్ష మీ విశ్వవిద్యాలయం లైబ్రరీలో చేయించుకో.

పంపే రోజు పని పెద్దదేం కాదు. జర్నల్ సైట్‌లో రచయితలకు ఇచ్చిన సూచనలు చదివి ఆ పద్ధతిలో ఫైళ్ళు సర్దుకో. ఆర్కిడ్ నంబరు, అంటే పరిశోధకులకి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉచితంగా వస్తుంది, తీసుకో. ఎడిటర్‌కి ఒక పేజీలోపు లేఖ రాయి: ఏం కనుక్కున్నావు, ఆ జర్నల్ పాఠకులకి అదెందుకు కావాలి, ఇది ఇంకెక్కడా పంపలేదు అన్న హామీ. జంతువుల మీద పనికి నైతిక అనుమతి గురించి అడిగే చోట, అప్పటికే చచ్చిన చేపల్నే హార్బర్‌లో కొన్నామని ఉన్నదున్నట్టు చెప్పు. ఒకేసారి రెండు జర్నళ్ళకి ఎప్పుడూ పంపకు.

తిరస్కారం రావచ్చు. మొదటిసారి చాలామందికి వస్తుంది. హన్స్ క్రెబ్స్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, కణాలు ఆహారం నుంచి శక్తి తీసుకునే సిట్రిక్ యాసిడ్ వలయం గురించి 1937లో పంపిన లేఖను నేచర్ అనే ప్రసిద్ధ జర్నల్ వెనక్కి పంపింది. ఆయన దాన్ని ఎన్జైమోలోజియా అనే జర్నల్‌లో వేయించుకున్నారు, 1953లో నోబెల్ అందుకున్నారు. నీకు వెనక్కి వస్తే, కారణాలు రాసి ఉంటే సరిచేసి ఇంకో జర్నల్‌కి పంపు. మార్పులు అడిగితే మాత్రం సంతోషించు, తలుపు తెరిచే ఉందన్నమాట. రివ్యూయర్ల ఒక్కో ప్రశ్ననూ కాపీ చేసుకుని, కింద నీ జవాబు, ఏ పేజీ ఏ లైనులో మార్చావో రాయి. ఒప్పుకోలేనిది ఉంటే కారణంతో, మర్యాదగా చెప్పు. మూడు నెలలైనా కబురు లేకపోతే ఎడిటర్‌కి ఒక మెయిలు రాయడంలో తప్పేమీ లేదు.

అయ్యా, ఆఖరుగా పీహెచ్‌డీ ఇంటర్వ్యూ గురించి. అప్పటికి పేపర్ రాకపోయినా ఫర్వాలేదు. దరఖాస్తులో పేపర్ శీర్షిక, జర్నల్ పేరు, పేపర్ అందాక జర్నల్ ఇచ్చే మ్యాన్యుస్క్రిప్ట్ నంబరు రాసి ‘పరిశీలనలో ఉంది’ అని పెట్టొచ్చు, అది నిజమైతే చాలు. పేపర్ గురించి బోర్డువాళ్ళు అడిగితే ఖాళీ ప్రయోగంలో ఎన్ని పోగులొచ్చాయి, ఆ చేపలు ఎక్కడ పట్టినవి అన్న దగ్గరికే వస్తారు. డబ్బిచ్చి రాయించుకున్న పిల్ల అక్కడ తడబడుతుంది. మీ అమ్మాయి జవాబు చెప్పగలదు.