పని వచ్చు, కానీ మేనేజరు అడిగితే మాట తడబడుతోంది. ఏం చేయాలి?

డిగ్రీ అయ్యాక కొత్తగా ఉద్యోగంలో చేరారు, పని బాగానే వచ్చు, కానీ మీటింగులో నోరు పెగలడం లేదు, పైగా ఇంగ్లీషు రాదన్న బెంగ. ఇదే కదా మీ ప్రశ్న. నేను భీమవరం దగ్గర రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌ని. ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు చెరువుల మీద తిరుగుతూ ఇటు రైతులతో, అటు ఆఫీసుతో మాట్లాడటమే నా పని. ఇంగ్లీషు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు చెప్పాల్సింది ముందు చెప్పడం అలవాటు చేసుకోండి.

మా దగ్గర దీని విలువ తెల్లవారుజామున తెలుస్తుంది. రాత్రంతా నీళ్ళలో తేలే ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవులు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటాయి కాబట్టి, పొద్దు పొడిచే ముందు చెరువులో డీఓ, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. మేం పెంచే వనామీ రకం రొయ్యకు అది 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) పైన ఉంటే మంచిది. ఆ వేళ ఫోన్ చేసి "సార్, నిన్న మబ్బు పట్టింది కదండీ, సాయంత్రం మేత కూడా..." అని మొదలుపెడితే అవతలివాళ్ళకు ఏం చేయాలో తోచదు. ఒక కాపలా కుర్రాడు ఇలా చెబుతాడు: "మూడో చెరువులో రొయ్య తేలిందండి. డీఓ 2.5. ఏరియేటర్లన్నీ వేసేశాను. ఆక్సిజన్ బిళ్ళలు చల్లమంటారా?" (ఏరియేటర్లంటే నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రాలు.) ఎక్కడ, ఏమైంది, తనేం చేశాడు, ఏం కావాలి, అన్నీ వచ్చేశాయి. మీ మేనేజరుకు కావలసిందీ ఇవే. ఎందుకు జరిగిందన్నది ఆయన అడిగాక చెప్పొచ్చు.

చెప్పేముందు అడగడం కూడా నేర్చుకోవాలి. ఇది నాకు మా సీనియర్ ఒకాయన్ని చూసి వచ్చింది. రైతు ఎంత కంగారులో ఉన్నా ఆయన గట్టు మీద నిలబడి తీర్పు చెప్పరు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్ళలో ఉంచే చెక్ ట్రే పైకి లాగించి, గొంతుక్కూర్చుని, మిగిలిన మేతను వేళ్ళతో నలిపి చూసి, "బాబాయ్ గారూ, పొద్దున్న ఎన్నింటికి వేయించారండి?" అంటారు. "మేత ఎక్కువేశారు" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. అప్పటికే లక్షలు చెరువులో పోసిన మనిషికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుంది! అదే అడిగితే, లెక్క చెబుతూ చెబుతూ రైతే "అయితే ఒక పూట తగ్గిద్దామంటారా?" అంటారు. తోటి ఉద్యోగి పనిలో తేడా కనిపించినప్పుడు మీరూ ఇలాగే మొదలుపెట్టి చూడండి.

మన గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కుంది. మర్యాద ఎక్కువ. "అర్థమైందాండీ?" అంటే అర్థమైనా కాకపోయినా "ఆయ్, అలాగేనండి" అనేస్తారు. అందుకే నేను "మినరల్స్ ఎన్ని కిలోలు చల్లుతారు, ఏ పూట?" అని అడిగి వాళ్ళ చేతే చెప్పిస్తాను. మీరు కూడా మేనేజరు పని చెప్పగానే తలూపి వచ్చేయకండి. "అంటే శుక్రవారంలోగా రెండు మండలాల రిపోర్టు, అంతేనా సార్?" అని ఒకసారి పైకి అనండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

మీటింగు ఉంటే ముందురోజు రాత్రే, తెలుగులోనే, రెండు మూడు వాక్యాలు రాసుకుని గట్టిగా చదవండి. మనసులో చదివితే లాభం లేదు, నోరు తిరగాలి. మీటింగు మొదట్లోనే చిన్న ప్రశ్నయినా అడిగేయండి. ఆలస్యమయ్యేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది.

ఇక ఇంగ్లీషు. మా పై ఆఫీసరుకు తెలుగు రాదు, వాట్సాప్‌లో ఇంగ్లీషులోనే రాయాలి. చెరువు నంబరు, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలి ఎన్ని రోజులైంది, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత, సమస్య ఏంటి, నాకేం కావాలి, ఒక్కోదానికి ఒక్కో చిన్న వాక్యం. రాయగా రాయగా అవే వాక్యాలు ఫోన్లో మాటలుగా వచ్చేశాయి. మీ పనిలో రోజూ తిరిగే వాక్యాలు ఏవో చూసుకుని వాటితో మొదలుపెట్టండి. స్పోకెన్ ఇంగ్లీషులో చేరాలనుకుంటే డబ్బు కట్టేముందు ఒక క్లాసులో కూర్చుని చూడండి. బోర్డు మీద గ్రామర్ రాసి పంపించేచోటు వద్దు, మీ చేత మాట్లాడించే చోటైతేనే చేరండి.