ట్రౌట్ చేపలు పెంచాలనుకుంటున్న మేనల్లుడికి

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తెనాలి దగ్గర కాలువ పక్కన తవ్వించిన అర ఎకరం చెరువులో ట్రౌట్ చేపలు వేయాలనుకుంటున్నావని, చేపపిల్లలు పంపిస్తామని ఎవరో ఫోనులో మాట కూడా ఇచ్చారని నీ ఉత్తరంలో చదివాను. కులూ వెళ్లినప్పుడు ఆ చేప రుచి చూసి ముచ్చటపడ్డావు, అందులో తప్పేమీ లేదు. కానీ దయచేసి వాళ్లకు బయానా కట్టవద్దు. ఆ చేప మన నీళ్లలో బతకదు. కారణాలు వివరంగా రాస్తున్నాను. అవి తెలిస్తే రేపు ఏ చేపను పెంచినా నీకు అక్కరకు వస్తాయి.

రెయిన్‌బో ట్రౌట్ 10 నుంచి 18 డిగ్రీల నీటిలో హాయిగా పెరుగుతుంది. నీరు 20 డిగ్రీలు దాటితే మేత ముట్టడం తగ్గిస్తుంది, 25కు చేరితే దాని ప్రాణం మీదికి వస్తుంది. మన చెరువుల్లో మే నెల మధ్యాహ్నం నీరు 32 డిగ్రీలు సులువుగా దాటుతుంది. చలికాలంలో వేసి ఎండలు ముదిరేలోపు పట్టేద్దామని నీకు అనిపించవచ్చు. అయితే మన దగ్గర డిసెంబరు, జనవరి నెలల్లో కూడా చెరువు నీరు 20 డిగ్రీలకు పైనే ఉంటుంది, పైగా కొండ నీళ్లలోనే ఆ చేప అమ్మకానికి తగిన బరువు తూగడానికి ఏడాదికి పైగా పడుతుంది.

బోరు నీళ్లు చల్లగానే ఉంటాయి కదా అని అడిగావు. నడివేసవిలో చెయ్యి పెడితే చల్లగా తోచే మాట నిజమే. థర్మామీటరు పెట్టి చూడు, 27, 28 డిగ్రీలు చూపిస్తుంది. బయటి ఎండకు అది మన ఒంటికి చల్లన, ట్రౌట్‌కు మాత్రం కాదు. పైగా భూమిలోంచి అప్పుడే పైకి వచ్చిన నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువ. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 15 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు, 32 డిగ్రీల దగ్గర అది 7కు కాస్త పైన మాత్రమే. నీరు వేడెక్కేకొద్దీ చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది, నీటిలో దొరికేది తరుగుతుంది. మన చెరువుల్లో తెల్లవారుజామున అది 3 మిల్లీగ్రాములకు పడిపోయిన రోజులు కూడా ఉంటాయి. శీలావతి, బొచ్చె ఆ పూటను ఎలాగో ఓర్చుకుంటాయి, ట్రౌట్ ఓర్చుకోదు. కులూ లోయలోని పట్లికుహల్‌లోనైనా, నీలగిరుల్లోని అవలాంచిలోనైనా దాన్ని పెంచేది కొండవాగు నీటితోనే. సిమెంటు కాలువల్లాంటి తొట్లలో ఆ నీరు రాత్రింబవళ్లు పారుతూనే ఉంటుంది. నిలవ నీటి చెరువులో ఎన్ని ఏరేటర్లు తిప్పినా ప్రాణవాయువు కొంత పెరుగుతుందే గాని మన వేసవి వేడి తగ్గదు.

కాబట్టి శీలావతి ఎక్కువగా, బొచ్చె కొద్దిగా వెయ్యి. మన జిల్లాల రైతులు ఎన్నో ఏళ్లుగా శీలావతికే ఎందుకు మొగ్గు చూపుతున్నారో రెండు పంటలు తీస్తే నీకే తెలుస్తుంది. కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా వారు ఎంపిక పద్ధతిలో అభివృద్ధి చేసిన జయంతి రోహు అనే శీలావతి రకం పిల్లలు దొరికితే మరీ మంచిది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది, వెళ్లి అడుగు. ఏరేటర్ లేని నీ చెరువుకు నాలుగైదు అంగుళాల పిల్లలు 800 చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ వస్తాయన్న ఆశ చెరువును ముంచుతుంది.

పిల్లలు వేసే ముందు చెరువును నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టు. సున్నం ఎంత వేయాలో మట్టి పరీక్ష చేయించాకే తేల్చుకో, మన నల్లమట్టికి అంతగా అవసరం ఉండకపోవచ్చు. తూముకు సన్నకన్ను వల రెండు పొరలుగా బిగించడం మరిచిపోవద్దు. కాలువ నీటితో కొరమీను, వాలుగ పిల్లలు లోపలికి వచ్చాయంటే నీ పిల్లలు వాటికి మేత అవుతాయి. చేపపిల్లలు వచ్చిన సంచులను విప్పకుండా పావుగంట సేపు చెరువు నీటిమీద తేలనిచ్చి, తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా లోపలికి పోసి, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదుకుపోయేలా సంచిని వంచి పట్టుకో. ఈ పని ఉదయం పూటే పెట్టుకో.

మేత విషయంలో మన వాళ్ల సంచి పద్ధతికి మించినది నేను చూడలేదు. ఖాళీ ప్లాస్టిక్ సంచికి కింది భాగంలో రెండు వరుసల చిన్న రంధ్రాలు చేసి, నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క కలిపి నింపి, నీటిలో పాతిన వెదురు బొంగుకు కట్టాలి. చేపలు వచ్చి ఆ రంధ్రాల దగ్గర మూతి ఆనించి మేత లాక్కుంటాయి, సంచి కదలడం గట్టుమీది నుంచే కనిపిస్తుంది. సాయంత్రం సంచి విప్పి చూడు. అడుగున మేత మిగిలి ఉంటే మరునాడు తగ్గించు. మిగిలిన మేత కుళ్లి నీటిని పాడుచేస్తుంది. ముసురు పట్టిన రోజున మేత పూర్తిగా ఆపెయ్యి. అలాంటి రాత్రి గడిచాక తెల్లవారకముందే గట్టుమీదికి వెళ్లి, చేపలు నీటిపైకి తలలెత్తి నోళ్లు తెరుస్తున్నాయేమో చూసి, కనిపిస్తే వెంటనే మోటారు వేసి నీటిని గాలిలోకి ఎగజిమ్మించు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు గనుక, ఆ లోపే చెరువును అయిదారు అడుగుల లోతు నింపి పెట్టుకోవాలి. అందువల్ల ఈ ఏడాదికి తొందరపడకుండా చెరువు ఎండగట్టి, తూము పని ముగించి, కాలువకు నీళ్లు వదిలాక నాకు కబురు చెయ్యి. పిల్లలు కొనడానికి నేనూ నీతో వస్తాను, మంచి పిల్లను ఎలా ఎంచుకోవాలో తొట్టి దగ్గరే చూపిస్తాను.

నీ మామయ్య