థ్యాంక్స్‌గివింగ్‌కి అమెరికన్ల ఇంట్లో భోజనం, నేనేమో శాకాహారిని. వెళ్లొచ్చా?

తప్పకుండా వెళ్లండి, అమెరికన్లు నవంబరులో కృతజ్ఞతలు చెప్పుకుంటూ చేసుకునే పండగ అది. "అందరూ టర్కీ కోడి తింటుంటే నేనేం తినాలి, అసలు వెళ్లడం బాగుంటుందా" అని అడిగారు. మీరేం తినరో వారం ముందే వాళ్లకి మెసేజ్ పెట్టేయండి, సగం టెన్షన్ పోతుంది. అక్కడికెళ్లాక చూసుకుందాంలే అని మొహమాటపడితే మీకన్నా వాళ్లే ఎక్కువ బాధపడతారు.

ఎందుకంటే ఆ వంటల్లో మాంసం పైకి కనపడదు. స్టఫింగ్ చూడ్డానికి బ్రెడ్ ముక్కలే, కానీ చాలామంది దాన్ని టర్కీ కడుపులో కూరి వండుతారు, లేదా చికెన్ స్టాక్, అంటే కోడిని ఉడికించిన నీళ్లు, పోస్తారు. గ్రేవీ టర్కీ నుంచి కారిన రసంతోనే చేస్తారు. చిలగడదుంపల మీద వేసే మెత్తటి మిఠాయి మార్ష్‌మాలోల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. గుడ్డు కూడా తినరంటే గుమ్మడికాయతో చేసే "పై" అనే తీపి వంటకం కూడా వదిలేయాల్సిందే. నేను మిషిగన్‌లో ఎంఎస్ చదివేటప్పుడు ఈ సంగతులన్నీ ముందే రాసి పంపితే, ఆ ఇంటావిడ నాకోసం కూరగాయల స్టాక్‌తో స్టఫింగ్ వేరే గిన్నెలో చేసి, గరిటె కూడా విడిగా పెట్టింది.

ఏం పట్టుకెళ్లాలంటే, నా ఓటు పులిహోరకే. ఆ రోజు ఓవెన్ గంటల తరబడి టర్కీకే సరిపోతుంది, కాబట్టి వేడి చేయక్కర్లేని వంటకం మంచిది. ఎవరికైనా పల్లీల ఎలర్జీ ఉందేమో ముందే అడగండి, ఇది చాలా ముఖ్యం. నేను పల్లీలు లేకుండా, ఎండుమిర్చి తగ్గించి చేశాను. వాళ్ల తాతగారు కరివేపాకులన్నీ ప్లేటు అంచున వరసగా పేర్చి, తినొచ్చా అని అడిగి, మళ్లీ వడ్డించుకున్నారు.

భోజనం చాలా ఇళ్లలో మధ్యాహ్నమే మొదలవుతుంది, చెప్పిన టైముకి వెళ్లండి. మేం వెళ్లేసరికి టీవీలో డెట్రాయిట్ లయన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ నడుస్తోంది. పండగ రోజు ఆ జట్టు ఆడటం 1934లో మొదలైన ఆనవాయితీ అట, ఆ ఊరివాళ్లకి అదీ పండగలో భాగమే. ఆట అర్థం కాకపోతే అడగండి, ఎంత ఇష్టంగా చెప్తారో!

కొన్ని ఇళ్లలో తినేముందు ఒక్కొక్కరూ తాము దేనికి కృతజ్ఞులమో చెప్తారు. ఒక్క వాక్యం చాలు, కానీ నిజంగా మనసులో ఉన్నదే చెప్పండి. జ్వరంలో నన్ను చూసుకున్న రూమ్‌మేట్ గురించి చెప్పాను నేను. తర్వాత ఇంట్లోవాళ్లు నన్ను అతిథిలా చూడటం మానేసి, గిన్నెలు తుడవడానికి తువ్వాలు చేతికిచ్చారు. నాకు ఆ పూటలో బాగా నచ్చింది అదే.

అన్నట్టు, పండగ రోజు బస్సులు తక్కువ తిరుగుతాయి. రానూపోనూ ఎలాగో ఆ మెసేజ్‌లోనే అడిగేయండి.