మీ ప్రశ్న – మా జవాబు: అమెరికా టోపీ నుదురు కోస్తోంది

ప్రశ్న: మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. తోతాపురి తోట ఉంది. అమెరికాలో ఉండే మా చిన్నోడు తోటలో తిరిగేటప్పుడు పెట్టుకోమని ఒక ఫెల్ట్ టోపీ పంపించినాడు. లోపల 7⅛ అని అచ్చు వేసుంది. పెట్టుకున్న అరగంటకే నుదుటి మీద ఎర్రగా గీత పడి తలనొప్పి మొదలవుతోంది. వద్దంటే వాడు నొచ్చుకుంటాడు. ఆన్‌లైన్‌లో టోపీని సాగదీసే స్ట్రెచర్లని చెక్కవి, ప్లాస్టిక్‌వి, తీగవి ఉన్నాయి. ఏది కొనాలి, ఎట్లా వాడాలి?
– ఒక మామిడి రైతు

జవాబు: స్ట్రెచర్ సంగతి తర్వాత, ముందు దర్జీ టేపు తీసుకోండి. నుదుటి మధ్య నుంచి, చెవులకు ఒక వేలు పైన, వెనకాల తల ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా తిప్పి కొలవండి. బిగించి లాగొద్దు. టోపీ తల మీద ఎంత పట్టుగా కూర్చుంటే మీకు బాగుంటుందో టేపు కూడా అంతే పట్టుగా ఉండాలి. అమెరికా వాళ్ల నంబరు పెద్ద బ్రహ్మవిద్య కాదు. చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని 3.14తో భాగిస్తే వచ్చేదే అది. 57 సెంటీమీటర్ల తలకు 7⅛, 58కి 7¼, 59కి 7⅜. అంటే నంబరుకీ నంబరుకీ తేడా సుమారు ఒక సెంటీమీటరు. బ్రిటిష్ లెక్కలో ఇదే తలకు నంబరు ⅛ తక్కువ పడుతుంది కాబట్టి, టోపీ ఏ దేశందో చూసి మరీ లెక్కేయండి.

మీ తల 58 వచ్చిందంటే ఆ టోపీ మీకు దక్కినట్టే. 60 వచ్చిందా, స్ట్రెచర్ కొనకండి. అబ్బాయికి ఫోన్ చేసి పెద్దది తెప్పించుకోండి, నొచ్చుకుంటే నొచ్చుకోనీండి. మంచి ఫెల్ట్ ఒక నంబరు దాకా సాగుతుంది, అంతకు మించి లాగితే అంచు మొదట్లో అలలు అలలుగా లేస్తుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ సరిచెయ్యలేరు.

రెండో సంగతి, టోపీ ఎక్కడ నొక్కుతోంది? మీకు నుదుటి మీద గీత పడుతోందన్నారు. అంటే ముందు వెనకల పొడవు చాలలేదు, పక్కల వెడల్పు సరిపోయినట్టే. ఇది మీ అదృష్టం. ఎందుకంటే మామూలు చెక్క స్ట్రెచర్ చేసే పని కూడా అదే. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చెక్కను మధ్యకు కోసి, ముందు ముక్క, వెనక ముక్క చేసి, రెంటి మధ్య ఒక మర బిగిస్తారు. మర తిప్పితే ముక్కలు దూరం జరుగుతాయి, టోపీ పొడవుకు సాగుతుంది. కణతల దగ్గర నొక్కే టోపీకి ఇది అంతగా పనికిరాదు. అట్లాంటివాళ్లు టోపీకి ఆవిరి పట్టి, ముందు వెనకల నుంచి రెండు అరచేతులతో మెల్లగా నొక్కి పట్టుకుంటే పక్కలు కాస్త విచ్చుకుంటాయి. ఆ తీరులోనే చల్లారేదాకా పట్టుకోవాలి, ఓపిక కావాలి.

ఇక ఏది కొనాలన్నది. మీ టోపీకి చెక్కదే కొనండి. ప్లాస్టిక్‌వి ఎక్కువగా క్రికెట్ క్యాపులూ, బేస్‌బాల్ క్యాపుల కోసం చేసినవి, ఫెల్ట్ బిగువుకు వంగిపోతాయి. తీగది టోపీ ఆకారం పోకుండా పట్టి ఉంచడానికి బాగుంటుంది. చవక, మడిచి సంచీలో వేసుకోవచ్చు. సాగదీసే పనికి పెడితే మాత్రం తీగ ఆనిన చోట సన్నటి గీత దిగుతుంది. చెక్కదానిలో నాలుగు సంగతులు చూడండి. మూసినప్పుడు మీ టోపీలోకి ఇబ్బంది లేకుండా దిగాలి. కొలత చూడకుండా తెప్పించుకుంటే అసలు పట్టనే పట్టదు. మర ఇనుముదో ఇత్తడిదో అయ్యుండాలి. చెక్క అంచులు నున్నగా ఉండాలి, వేలితో తడిమితే ఎక్కడా గీరుకోకూడదు. చెక్క మందం టోపీ లోపలుండే చెమట పట్టీ వెడల్పుకు తగ్గకూడదు.

నేను పోలీసులకూ, ఎన్‌సీసీ పిల్లలకూ టోపీలు కుట్టినవాణ్ని. మా రోజుల్లో దీన్ని కొనేవాళ్లం కాదు, వడ్రంగి చేతే చేయించుకునేవాళ్లం. ఇప్పటికీ నా సలహా అదే. మందంగా ఉండే రాగి తీగను తల చుట్టూ ఒత్తి, ఆకారం చెదరకుండా తీసి కాగితం మీద పెట్టి గీసుకోండి. మనిషి తల గుండ్రం కాదు, మీ గీతలో ఒక పక్క కాస్త ఎక్కువ తక్కువ కనబడినా కంగారు పడొద్దు, అందరిదీ అంతే. ఆ కాగితం, మీ టోపీ రెండూ వడ్రంగికి ఇవ్వండి. చెక్క మూసినప్పుడు టోపీలోకి దిగాలి కాబట్టి మధ్యలో ఎంత ఖాళీ వదలాలో అతను చూసుకుంటాడు. బాగా ఆరిన మామిడి చెక్క చాలు, మీ తోటలో కొట్టేసిన మాను దుంగ ఎక్కడో పడే ఉంటుంది. ఎర్రచందనం నున్నగా ఉంటుందని ఎవరైనా చెబితే వినకండి. టోపీ సంగతి దేవుడెరుగు, టాస్క్‌ఫోర్స్ వాళ్లు ఇంటికొస్తారు. మరకు హార్డ్‌వేర్ షాపులో టర్న్‌బకిల్ అడగండి, తీగలు బిగించడానికి వాడేది. ఒక కొన కుడి మర, ఇంకో కొన ఎడమ మర ఉంటుంది కాబట్టి మధ్యలో తిప్పితే రెండు కొనలూ ఒకేసారి బయటికి నడుస్తాయి. శ్రీకాళహస్తి వైపు మాధవమాల వాళ్లు దేవుడి బొమ్మలు చెక్కే చేతులతో ఇలాంటి పని చిటికెలో చేసేస్తారు, కానీ బొమ్మల పని వదిలి దీనికి ఒప్పుకుంటారా అన్నది మీ అదృష్టం.

వాడే తీరు. ఫెల్ట్ అంటే ఉన్నిగానీ, కుందేలు బొచ్చుగానీ ఒకదానిలో ఒకటి చిక్కుపడి గట్టిపడిన గుడ్డ. వెంట్రుకకు తడీ వేడీ తగిలితే లొంగుతుంది, ఆరితే ఆ ఆకారంలోనే నిలబడుతుంది. తడి జుట్టును దువ్వి అలాగే ఆరనిస్తే పాపిడి నిలుస్తుందే, అదే సూత్రం. కాబట్టి పొడి టోపీని ఊరికే లాగితే సాగినట్టే ఉండి సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తుంది. గిన్నెలో నీళ్లు మరగబెట్టి ఆవిరి వచ్చేటప్పుడు టోపీ బయటి వైపు, పట్టీ ఉండే మట్టం చుట్టూ ఆవిరి తగిలేలా తిప్పండి. జానెడు దూరం ఉండాలి. లోపలి తోలు పట్టీకి మాత్రం నేరుగా ఆవిరి పట్టొద్దు. తోలు వేడికి ముడుచుకుపోతుంది, అప్పుడు మీరు సాగదియ్యాలని మొదలుపెట్టిన టోపీ ఇంకా బిగుసుకుంటుంది. పట్టీని బయటికి మడిచి పెట్టి ఆవిరి పట్టడం మంచిది.

ఫెల్ట్ వెచ్చగా, మెత్తగా తగిలాక పట్టీ లోపలికి మడిచి, స్ట్రెచర్ దించండి. పట్టీ మట్టంలోనే ఉండాలి, పైకి తోస్తే టోపీ పైభాగం ఉబ్బుతుంది, నుదుటి దగ్గర అలాగే ఉంటుంది. రెండు ముక్కల మధ్య సందు పక్కల మీదకు వస్తుంది కాబట్టి అక్కడ అట్టముక్క ఒకటి అడ్డం పెట్టండి, లేకపోతే చెక్క అంచు గుర్తు పడుతుంది. మర చేతికి బిగువు తగిలేదాకా తిప్పి, ఇంకో అర చుట్టు తిప్పి వదిలెయ్యండి. అంతే. రాత్రంతా అలాగే ఉంచి పొద్దున పెట్టుకుని చూడండి. చాలకపోతే మళ్లీ రాత్రి. ఒకే రోజు మర గట్టిగా బిగించినవాళ్లు చించుకునేది పట్టీ వెనక కుట్టు దగ్గర, నా దగ్గరకు వచ్చిన చిరిగిన టోపీల్లో చాలావాటి కథ ఇదే.

బయట టోపీ చుట్టూ రిబ్బన్ ఉందా? ఫెల్ట్ సాగుతుంది, రిబ్బన్ సాగదు. రిబ్బన్ లోపలికి కోసుకుపోతున్నట్టు కనిపించిందంటే అక్కడితో ఆపండి. ఇంకా కావాలంటే రిబ్బన్ విప్పి తర్వాత కొత్తది కుట్టించుకోవాలి.

ఇంకొకటి, ఇది మీకన్నా పాత టోపీలున్నవాళ్ల కోసం. ఏళ్లుగా సరిపోయిన టోపీ ఇప్పుడు బిగిస్తోందంటే తల పెరగలేదు, పట్టీ ముడుచుకుంది. పట్టీని బయటికి మడిచి టోపీ పెట్టుకుని చూడండి. అప్పుడు వదులుగా ఉంటే ఫెల్ట్‌తో పని లేదు, కొత్త పట్టీ వేయించుకుంటే సరి. రోహిణి కార్తెలో కారు అద్దం దగ్గరా, ట్రాక్టర్ బానెట్ మీదా టోపీ పెట్టి పోతే ఇట్లాగే అవుతుంది. మీరు తోటలో తీసి కొమ్మకు తగిలించండి, నీడలో.

ప్రశ్న: గడ్డి టోపీకి కూడా ఇదే పద్ధతా? కొండ మీద కొన్నది, నుదుటి దగ్గర పట్టేస్తోంది.
– ఒక పాఠకురాలు, పాకాల

జవాబు: ముందు అది గడ్డేనా చూడండి. గడ్డి టోపీలని అమ్మే చవక రకాల్లో చాలా వరకు మెలిపెట్టిన కాగితం. ఒక మూల నుంచి పోగు లాగి నీళ్లలో నానేసి వేళ్ల మధ్య విప్పండి, కాగితమైతే విచ్చుకుని పీలిక అవుతుంది. కాగితానికి ఆవిరీ వద్దు, తడీ వద్దు, స్ట్రెచర్ అసలే వద్దు. నిజమైన గడ్డి, తాటాకు, పనామా టోపీల్లాంటివి అయితే పొడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు, పెళుసుగా ఉండి విరుగుతాయి. తడి గుడ్డ చుట్టి గంట సేపు ఉంచితే లొంగుతాయి. అప్పుడు స్ట్రెచర్ పెట్టి చాలా తక్కువ తిప్పండి. అర నంబరు వస్తే అదే గొప్ప.

ప్రశ్న: బిగుతుగా ఉందని టోపీ సాగదీయించుకున్నాను. ఆ తర్వాత మొక్కు ఉండి తిరుమలలో తలనీలాలు ఇచ్చాను. ఇప్పుడు టోపీ కళ్ల మీదకు జారుతోంది. మళ్లీ చిన్నది చేయించవచ్చా?
– తిరుపతి నుంచి

జవాబు: ఏమీ చెయ్యకండి స్వామీ. ఒత్తు జుట్టున్నవాళ్లకు గుండుకూ మామూలు తలకూ కొలతలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇప్పుడు చిన్నది చేయిస్తే జుట్టు వచ్చాక మళ్లీ బిగుస్తుంది, అటూ ఇటూ లాగితే ఫెల్ట్ పాడైపోతుంది. అంతవరకు న్యూస్‌పేపర్‌ను నిలువుగా సన్నటి పట్టీలా మడిచి చెమట పట్టీకీ ఫెల్ట్‌కూ మధ్య దోపండి. చుట్టూ వద్దు, ముందొక జానెడు, వెనకొక జానెడు చాలు. జుట్టు పెరిగేకొద్దీ ఒక్కో మడత తీసేస్తూ పోండి. గుండు మీద గంధం రాసుకుని ఉంటే అది ఆరి రాలేదాకా టోపీ పెట్టకండి. తోలు పట్టీకి అంటుకున్న గంధాన్ని తడిపి పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

కొత్త టోపీ కొనాలనుకునేవాళ్లకు చిన్న మాట. మొక్కు తీర్చుకున్న వారంలో కొలత ఇచ్చి టోపీ తెప్పించుకోకండి. దుకాణంలో ఉన్నప్పుడు ఈ మాట చెప్పి నేను చాలా బేరాలు పోగొట్టుకున్నాను.

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి తెల్ల సోలా టోపీ అటకమీద దొరికింది. మా బాబు స్కూల్ వార్షికోత్సవంలో కలెక్టర్ దొర వేషం వేస్తున్నాడు. వాడికి నుదుటి దగ్గర పట్టేస్తోంది. స్ట్రెచర్‌తో సరిచెయ్యొచ్చా?
– గిరింపేట, చిత్తూరు

జవాబు: వద్దమ్మా, ముట్టుకోవద్దు. అది గుడ్డ కాదు, నీటి మడుగుల్లో పెరిగే సోలా మొక్క కాండం బెండుతో చేసింది. బెండు సాగదు, పగులుతుంది. పైనున్న గుడ్డ పట్టి ఉంచడం వల్ల పగిలినా వెంటనే కనబడదు. గాలి ఆడటానికని ఈ టోపీల్లో తల పట్టీని టోపీ గోడకు ఆనించకుండా చిన్న చిన్న ముక్కలతో దూరంగా నిలబెట్టేవాళ్లు. టార్చ్ వేసి లోపల చూడండి. అట్లా ఉంటే ఆ ముక్కలను పలచటివిగా మారిస్తే పట్టీ కాస్త వెడల్పవుతుంది, దర్జీ చేయగలడు. లేకపోతే ఆ ఒక్క సాయంత్రానికి బాబుకు వెనక్కి వాల్చి పెట్టండి. దొర వేషం కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: కొత్త హెల్మెట్ చెంపల దగ్గర టైట్‌గా ఉంది. టోపీ స్ట్రెచర్ పెడితే లూజ్ అవుతుందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఆ పని చెయ్యకు నాయనా. హెల్మెట్ లోపలున్న థర్మకోల్ లాంటి ఫోమ్ దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి నీ తలను కాపాడటానికి ఉంది. స్ట్రెచర్‌తో ముందే నలిపేస్తే దెబ్బ తగిలిన రోజు నలగడానికి ఏమీ మిగలదు. ఆవిరి పెడితే అతుకులు ఊడతాయి. కొత్త హెల్మెట్ చెంపలను పట్టుకునే ఉండాలి, పైనున్న మెత్తటి ప్యాడ్ కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నుదుటి మీద నొప్పి, కణతల దగ్గర నొప్పి ఉంటే మాత్రం అది నీ సైజు కాదు, ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 అచ్చు చూసుకుని పెద్ద సైజు తీసుకో. కొన్ని మోడళ్లకు పలచటి చెంప ప్యాడ్లు విడిగా దొరుకుతాయి, అదీ అడుగు.

ప్రశ్న: ఎన్‌సీసీ బెరెట్ వేడినీళ్లలో ఉతికేశాను, చిన్నదైపోయింది. ఆదివారం పరేడ్.
– డిగ్రీ విద్యార్థిని, ఎస్వీ యూనివర్సిటీ

జవాబు: స్ట్రెచర్ అక్కర్లేదు, స్టీలు గిన్నె మీద బోర్లించడమూ వద్దు, గుండ్రంగా అయిపోయి చెవుల పైన లేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెలిపెట్టకుండా ఒత్తి నీళ్లు తీసి, తడిగానే తలకు పెట్టుకో. బ్యాడ్జి ఎడమ కంటి మీదకు వచ్చేలా చూసుకుని, గుడ్డను కుడి వైపుకు లాగి దించు. అలాగే కాసేపు ఉండి, తర్వాత ఆకారం చెదరకుండా తీసి ఫ్యాన్ కింద ఆరబెట్టు. దీనికంతటికీ ముందు వెనకాల పట్టీలోంచి వచ్చే నాడా ముడి ఉంటే విప్పి చూడు. ఉతికినప్పుడు అది కూడా బిగుసుకుంటుంది, చాలామందికి అసలు తంటా అక్కడే.